డెల్టా కంచం: తెల్లన్నం, పంచదార, మైదా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువ నీరు పారినంత మేరా వరే. సార్వా, దాళ్వా రెండు పంటలూ గాదెకు చేరే చోట ఇప్పుడు అన్నం మీదే అనుమానాలు. షుగరు బిళ్లో బీపీ బిళ్లో లేని ఇల్లు అరుదైపోతుంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఎక్కువమంది అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి. షుగరుకు మందులు వాడుతున్నవారు ఏ మార్పయినా చేసే ముందు మందుల గురించిన ప్రశ్న తప్పక చదవండి.

తెల్లన్నం తింటే షుగరు వస్తుందా? అన్నం మానేయాలా?

మానేయనక్కర్లేదు. ఎంత తింటున్నారో మాత్రం చూసుకోవాలి.

21 దేశాల్లో లక్షా ముప్పై వేలమందికి పైగా ఏళ్ల తరబడి గమనించిన ప్యూర్ అనే అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. రోజుకు 150 గ్రాముల లోపు అన్నం తినేవారితో పోలిస్తే 450 గ్రాములు, అంతకు మించి తినేవారిలో మధుమేహం వచ్చే అవకాశం 20 శాతం ఎక్కువగా కనిపించింది. దక్షిణాసియా దేశాలను విడిగా చూస్తే ఆ తేడా 61 శాతం. ఇది గమనించి చెప్పిన సంబంధమే తప్ప అన్నమే కారణమని తేల్చిన రుజువు కాదు. అయినా కొట్టిపారేసే అంకె కూడా కాదు.

450 గ్రాములంటే వండిన అన్నం. బియ్యం లెక్కన చూస్తే సుమారు ఒక గ్లాసు. మధ్యాహ్నం పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో, చివరన పెరుగుతో కలుపుకునే అలవాటున్న మనకు అది ఒక్క పూటకే సరిపోతుంది. రాత్రి మళ్లీ అన్నమే. పొద్దున ఇడ్లీలో ఉన్నదీ బియ్యపు రవ్వే.

మా తాతలు ఇంతకు రెండింతలు తిన్నారు. వాళ్లకు రాని జబ్బు మాకెందుకు?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఇందులో సగం నిజం ఉంది.

నిజం ఏమిటంటే, వాళ్లు ఒళ్లు వంచి పని చేశారు. ఊడ్పులు, కోతలు, కుప్ప నూర్పిళ్లు, కావిళ్లు, మైళ్ల నడక. తిన్న పిండిపదార్థమంతా కండరాల్లో ఖర్చయ్యేది. ఇప్పుడు వరికోత యంత్రం చేస్తోంది, గట్టు మీదికి కూడా మోటారు సైకిలే వెళుతోంది. పని తగ్గినంతగా కంచంలో అన్నం తగ్గలేదు.

మిగతా సగం మాత్రం మన జ్ఞాపకం చేసే మోసం. తాతల తరం ఆరోగ్యంగా ఉందని అనుకుంటాం కానీ, బియ్యం వల్లే వచ్చిన ఒక జబ్బుకు ఈ ప్రాంతం ఒకప్పుడు పేరుమోసింది. దాని పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, ఒళ్లు నీరు పట్టి, చివరికి గుండె ఆగిపోయేది. మద్రాసు ప్రభుత్వ వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే ఈ జబ్బు మీద గ్రంథం రాశాడు. అందులో ప్రధానంగా ప్రస్తావించింది ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తానే. 1890లలో జావాలో ఐక్‌మాన్ అనే డచ్చి వైద్యుడు ఆసుపత్రి వంటింటి తెల్లన్నం తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలడం చూశాడు. పైపొర తీయని బియ్యం పెడితే అవి కోలుకున్నాయి. తవుడులో ఉండే బి1 విటమిన్ సంగతి అక్కడి నుంచే బయటపడింది. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో నీలగిరుల్లోని కూనూరు పరిశోధనశాలలో పనిచేసిన శాస్త్రవేత్తలు మన కోస్తా వైపు కూడా చూశారు. ఉప్పుడు బియ్యం తినే జిల్లాల్లో బెరిబెరి పెద్దగా లేదు, పచ్చి బియ్యం మరపట్టించుకుని తినే మన వైపు ఉంది. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మర ఎంత తోమినా కొంత మిగులుతుంది. దాళ్వా ధాన్యం పచ్చిగా ఆడితే నూక ఎక్కువవుతుందని మన మిల్లులు దాన్ని ఉప్పుడు బియ్యం చేసి కేరళకు పంపుతాయి. మనం మాత్రం వాటి వాసన పడదంటాం.

పల్లెల్లో కూడా ఈ జబ్బులు అంత ఎక్కువా? ఇవి పట్నం జబ్బులు కావా?

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, మరణాలకు కారణాలను నమోదు చేసిన అధ్యయనం ఒకటి 2006లో వెలువడింది. చనిపోయినవారిలో దాదాపు మూడో వంతు, 32 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. అంటురోగాలతో పోయినవారు 12 శాతం. అదే సమయంలో ఇక్కడి పల్లెల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే నూటికి 13 మందికి మధుమేహం తేలింది. ఇది ఇరవై ఏళ్ల కిందటి మాట. పట్నం జబ్బన్న మాట అప్పటికే చెల్లిపోయింది.

మిల్లులో అసలు ఏమి పోతుంది?

ఒకసారి మిల్లులో నిలబడి చూడండి. ధాన్యం ముందు రబ్బరు రోలర్ల మధ్య పడుతుంది. ఊక ఊడి గాలికి బయటికి పోతుంది. అప్పుడు చేతిలోకి తీసుకుంటే గింజ గోధుమ రంగులో, కాస్త గరుకుగా, మొన దగ్గర బొట్టంత మొలకతో ఉంటుంది. ముడిబియ్యం అంటే అదే. ఆ తర్వాత పాలిషింగ్ యంత్రంలోకి వెళుతుంది. ఒక పట్టు, రెండో పట్టు, కొన్ని చోట్ల పైన నీటి తుంపరతో మెరుగు. కింద బస్తాలోకి తవుడు వెచ్చగా, మెత్తగా రాలుతుంటుంది. చెయ్యి పెడితే అరచేతికి నూనె జిడ్డు అంటుతుంది. పై గొట్టం నుంచి వచ్చేది మల్లెపువ్వులాంటి బియ్యం.

క్వింటాలు ధాన్యం ఆడితే సుమారు 20 కిలోలు ఊక, 8 నుంచి 10 కిలోలు తవుడు పోగా, నూకతో కలిపి 67 కిలోల దాకా బియ్యం చేతికొస్తుంది. పీచు, బి విటమిన్లు, మంచి నూనె, ఖనిజాల్లో పెద్ద వాటా ఆ 8 కిలోల్లోనే ఉంటుంది. దాని దారి చూడండి: ముందు నూనె మిల్లుకు వెళుతుంది, నూనె తీశాక మిగిలిన పిప్పి కొల్లేరు చుట్టూ ఉన్న చెరువుల్లో చేపల మేత అవుతుంది. పోషకాలు చేపలకు, పిండి మనకు. ఆ చేపయినా మన కంచంలోకి తిరిగొస్తే బాగుండేది. చాలామటుకు ఐసు పెట్టెల్లో లారీలెక్కి బయటి రాష్ట్రాలకు పోతోంది.

అయితే దంపుడు బియ్యం కొనమంటారా?

కొనగలిగితే, నమలగలిగితే మంచిదే. పీచు ఎక్కువ కాబట్టి కొద్దిగా తిన్నా కడుపు నిండుతుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, పైపొరలో నూనె ఉండటం వల్ల త్వరగా ముక్కవాసన పడతాయి, పురుగు పడుతుంది. ఏడాదికి సరిపడా తెచ్చి నిల్వ చేసే బియ్యం కావివి. నెలకు సరిపడా తెచ్చుకోండి. రెండోది, అరగంటయినా నానబెట్టకుండా కుక్కర్లో పెడితే గింజ సరిగా ఉడకదు. మొదటి వారంలోనే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది.

కుదరకపోతే ఒక్క పట్టు బియ్యం అడగండి. తెల్లదనం కొంచెం తక్కువ, మేలు కొంచెం ఎక్కువ. ఇంట్లో పండిన ధాన్యం ఆడించుకునేవారికి ఇది మరీ సులువు. మిల్లు వాళ్లతో ఒక మాట చెబితే చాలు.

రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు 2012లో 235 వరి రకాలను చూస్తే రక్తంలో చక్కెర పెంచే సూచీ కనిష్ఠం 48, గరిష్ఠం 92, సగటు 64గా తేలింది. తక్కువ సూచీ ఉన్నవాటిలో స్వర్ణ ఒకటి. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029 అదే. డెల్టాలో పుట్టిన స్వర్ణను మనమేమో ముతక బియ్యమని అమ్మేసి, సన్నాలు కొనుక్కుంటాం! అలాగని స్వర్ణ మూడు పళ్లేలు తింటే మేలని కాదు.

గంజి వార్చితే అన్నంలో చక్కెర పోతుందంటారు. నిజమేనా?

గంజితో కొంత పిండి పోతుంది, దాంతోపాటు బి విటమిన్లూ పోతాయి. మిగిలిన అన్నం అన్నమే. “షుగరు తీసేసే” కుక్కర్లకు వేలకు వేలు పోయడం కన్నా రెండు గరిటెలు తక్కువ వడ్డించుకోవడం చవక. బియ్యాన్ని తెల్లనీళ్లు పోయేదాకా నాలుగైదు సార్లు పిసికి కడగడం కూడా అనవసరం. నీళ్లలో కరిగిపోయే విటమిన్లన్నీ కుడితి తొట్టికే చేరతాయి. రెండుసార్లు కడిగితే చాలు. వార్చిన గంజిని పారబోయకుండా ఉప్పు, మజ్జిగ కలిపి తాగే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలవాటుంటే మానకండి.

చద్దన్నం, తరవాణి మంచివేనా?

మంచివే. చల్లారిన అన్నంలో పిండి కొంత మేరకు జీర్ణం కాని రూపంలోకి మారుతుంది. చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. ప్రభావం స్వల్పమే, అద్భుతాలు ఆశించవద్దు. తరవాణి కుండలో పులిసిన అన్నం కడుపుకు తేలిక, వేసవిలో చలవ. అయితే వండిన అన్నాన్ని మే నెల ఎండకు గిన్నెలో పొడిగా వదిలేసి మర్నాడు తినడం చద్దన్నం కాదు, వాంతులకు దారి. నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.

అన్నం మానేసి చిరుధాన్యాలు, చపాతీలు తింటే?

చోళ్లు, జొన్నలు, సజ్జలు, కొర్రలు మంచి తిండి. పీచు, సున్నం, ఇనుము ఉన్నాయి. కానీ అన్నం ఎంత తినేవారో అంతే కొర్రన్నం తిని, షుగరు తగ్గలేదని వాపోయేవారు చాలామంది.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే విశ్లేషణ 2025లో వచ్చింది. మన దేశంలో సగటున తిండి ద్వారా అందే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. తెల్ల బియ్యం, మైదా లాంటివాటి స్థానంలో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. మొత్తం పిండిపదార్థం తగ్గి, ఆ చోటు పప్పులు, పాలు, పెరుగు లాంటి మాంసకృత్తులకు ఇచ్చినప్పుడు తగ్గింది. నా దృష్టిలో ఈ పేజీలో ముఖ్యమైన సంగతి ఇదే. ధాన్యం పేరు మార్చడం సులువు, కొలత మార్చడం కష్టం. మనం సులువైన పనే చేసి ఊరుకుంటున్నాం.

ఇంకొకటి. చోళ్ల పిండిని మెత్తగా ఆడించి, జావ కాచి, బెల్లం వేసి తాగితే చక్కెర వేగంగానే పెరుగుతుంది. గింజగా లేదా రవ్వగా వండుకుంటే నయం.

పంచదార మానేసి బెల్లం, తేనె వాడుతున్నాం. సరిపోతుందా?

సరిపోదు. బెల్లంలో ఉన్నది కూడా ప్రధానంగా చక్కెరే. ఇనుము ఉందన్న మాట నిజమే కానీ, చెంచాడు బెల్లంతో వచ్చే ఇనుము ఏ లెక్కలోకీ రాదు. రుచికి బెల్లం వాడండి, ఆరోగ్యం పేరు చెప్పి రెట్టింపు వేయకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన విడిగా కలుపుకునే చక్కెర మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదు, 5 శాతంలోపు ఉంటే ఇంకా మంచిది. ఆ 5 శాతమంటే సుమారు 25 గ్రాములు. రోజుకు మూడు టీలు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార అనుకుంటే అక్కడితోనే ఆ కోటా అయిపోతుంది. చాలా కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఎండన పడి వచ్చి పావులీటరు సీసా తాగితే మళ్లీ అంతే.

ఇక ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడత కాజా సంగతి. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాటిని తిట్టడం నాకు ఇష్టం లేదు. పండక్కో, బంధువులొచ్చినప్పుడో ఒకటి తిన్నందుకు ఎవరికీ జబ్బు రాదు. రోజూ ఉదయం, సాయంత్రం లెక్కలేకుండా లోపలికి పోయే టీ, బిస్కెట్లు, కూల్‌డ్రింకులే అసలు చేటు. మన ఇళ్లలో విచిత్రం ఏమిటంటే, పూతరేకు తిన్నందుకు వారం రోజులు బాధపడతారు, టీలోని పంచదారను మాత్రం తిండి కింద జమకట్టరు.

మైదాలో విషం కలుపుతారని ఫోనులో వీడియోలు వస్తున్నాయి...

ఎలుకలకు మధుమేహం తెప్పించడానికి ప్రయోగశాలల్లో వాడే అల్లోక్సాన్ అనే రసాయనం మైదాలో ఉంటుందన్న ప్రచారం అది. మైదా తిన్న మనుషులకు ఆ రసాయనం వల్ల మధుమేహం వచ్చిందనడానికి ఆధారం లేదు. మైదాతో ఇబ్బంది ఇంతకన్నా మామూలుది. గోధుమ పైపొర, మొలక తీసేసిన మెత్తటి పిండి అది. పీచు దాదాపు ఉండదు, త్వరగా అరుగుతుంది, త్వరగా ఆకలేస్తుంది. పైగా మైదా ఒంటరిగా రాదు. పరోటాలో నూనెతో, కేకులో పంచదారతో, బిస్కెట్లో రెంటితో కలిసి వస్తుంది.

టిఫిను సెంటరు దగ్గర పూరీ కన్నా పెసరట్టు ఎన్నో రెట్లు మేలు. పొట్టు పెసలతో రుబ్బిన అట్టులో మాంసకృత్తులు, పీచు రెండూ ఉన్నాయి. దానిలో ఉప్మా కూరి ఇవ్వడం మన దగ్గర మర్యాద. షుగరున్నవారు ఆ మర్యాద వద్దనవచ్చు.

ప్యాకెట్ తిండి, ఇంటి తిండి రెండింటిలోనూ అవే నూనె, పిండి, ఉప్పు కదా. తేడా ఏమిటి?

బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మోంటెయిరో బృందం ఆహారాన్ని శుద్ధి చేసిన తీరును బట్టి నాలుగు వర్గాలు చేసింది. నాలుగో వర్గంలో చిప్స్, ఇన్‌స్టంట్ నూడుల్స్, కూల్‌డ్రింకులు, క్రీము బిస్కెట్ల లాంటివి వస్తాయి. వంటింట్లో ఉండని పదార్థాలతో, ఫ్యాక్టరీలో తయారయ్యేవి.

2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నెల రోజులు ఆసుపత్రిలో ఉంచి చూసింది. రెండు వారాలు అలాంటి తిండి, రెండు వారాలు మామూలు వంట. వడ్డించిన భోజనంలో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండిటిలోనూ ఒకేలా ఉండేట్టు చూశారు. కావలసినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో ఒక్కొక్కరు రోజుకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో కిలో దాకా బరువు పెరిగారు. రెండో రకం తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గారు. చిన్న ప్రయోగమే, కానీ జాగ్రత్తగా చేసినది. మెత్తగా ఉండి త్వరగా మింగుడుపడే తిండి కడుపు నిండిందన్న కబురు అందేలోపే ఎక్కువ లోపలికి పోతుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి మూడు పేర్లలో మైదా, పంచదార, పామ్ నూనె ఉంటే ముందు వైపు ఎన్ని ధాన్యాల బొమ్మలు వేసినా లోపల ఉన్నది అదే.

రిఫైన్డ్ నూనె వాడాలా, గానుగ నూనె వాడాలా?

ఏది వాడినా ఎంత వాడుతున్నారన్నదే ముందు ప్రశ్న. మనిషికి నెలకు అర లీటరు లెక్కన సరిపెట్టగలిగితే మంచిది. నలుగురున్న ఇంట్లో రెండు లీటర్లు. ఆవకాయ నూనె, పండగ పిండివంటల నూనె కూడా అందులోవే. రిఫైన్డ్ నూనె విషం కాదు. వాసన, రంగు, జిగురు తీయడంలో కొన్ని మేలు చేసే పదార్థాలు తగ్గుతాయి, అంతే. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు మార్చి మార్చి వాడుకోండి. పామోలిన్‌లో గడ్డకట్టే (సంతృప్త) కొవ్వు వాటా వీటికన్నా ఎక్కువ. కొబ్బరినూనెలో ఆ వాటా 90 శాతం వరకు ఉంటుంది. కోనసీమలో పుట్టినా వంటకు దాన్ని వాడేవారు మనలో తక్కువే కాబట్టి పెద్ద చిక్కు లేదు.

మళ్లీ మళ్లీ కాచిన నూనె మాత్రం మంచిది కాదు. బజ్జీల బండి మీద బాణలి నల్లగా నురగ కడుతుంటే పక్కకు తప్పుకోండి. వనస్పతిలో ఉండే, గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వును 2022 నుంచి మన దేశంలో 2 శాతానికి పరిమితం చేశారు. ఆ మేరకు బేకరీ సరుకు పాతదానికన్నా నయం.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయి. ఏరి పారేయాలా?

అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, యంత్రంలో మళ్లీ గింజ ఆకారంలో ఒత్తినవి. వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపినవి. కొంచెం పసుపుగా కనిపించడం, నీళ్లలో తేలడం మామూలే. ఏరి పారేస్తే మిల్లు తీసేసినదాంట్లో కొంతయినా తిరిగి చేర్చిన గింజలనే పారేసినట్టు.

ఫోలిక్ ఆమ్లం మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. అమెరికాలో దాన్ని వేరుచేసి, తయారుచేసే పద్ధతి కనిపెట్టిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టినవాడు. యవ్వనంలో ఆయన్ని స్ప్రూ అనే పేగుల జబ్బు పీడించింది. తర్వాతి కాలంలో ఆ జబ్బుకు ఫోలిక్ ఆమ్లం పనికొచ్చింది. అది ఆకుకూరల్లో పుష్కలంగా ఉంటుంది.

సరే, కంచంలో ఏమి ఉండాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల సారాంశం ఇది: ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి, మిగిలినదాంట్లో పప్పులు, గుడ్లు, చేపలు, పాలు.

మన దగ్గర దానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. కందబచ్చలి కూర, పనసపొట్టు కూర, అరటిదూట కూర, తోటకూర పులుసు, గోంగూర పప్పు, ఆనపకాయ పాలు పోసిన కూర, బొబ్బర్లు, ఉలవచారు. మాంసాహారులకు శీలావతి, బొచ్చె, మెత్తళ్లు, చింతాకు చేపలు. పులస కోసం అప్పు చేయనక్కర్లేదు, చవకగా దొరికే చిన్న చేపలు ముల్లుతో సహా తింటే సున్నం కూడా దక్కుతుంది. భీమవరం చుట్టుపక్కల పెంచిన రొయ్య అమెరికా దాకా వెళుతోంది. చెరువు గట్టు మీద పనిచేసేవాడు మాత్రం పదిన్నరకు టీలో బిస్కెట్ ముంచుకుంటాడు.

వడ్డించే వరుస మార్చి చూడండి. అన్నం కొండలా పోసి, కూరను అంచున నంజుడుకు పెట్టుకోవడం మన పద్ధతి. దాన్ని తిరగేయండి. ముందు కంచంలో రెండు పెద్ద గరిటెల కూర, ఒక గిన్నెడు గట్టి పప్పు లేదా రెండు చేప ముక్కలు. కొంత కూర ఉత్తినే తినండి. ఆ తర్వాత ఒకటిన్నర గరిటె అన్నం. కూర, పప్పు ముందు కడుపులో పడితే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. కూరలో ఉప్పు, కారం కాస్త తగ్గించి వండాలి, లేకపోతే అన్నం లేకుండా తినలేరు. చాలా ఇళ్లలో ఈ పద్ధతి విఫలమయ్యేది సరిగ్గా ఇక్కడే. తిన్నాక పది, పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా నడిచి రండి.

ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు?

వీటిలో నూనె కన్నా ఉప్పు పెద్ద సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా ఉప్పు చాలంటుంది. వంటలో వేసేది, ఊరగాయలో ఉన్నది, పెరుగన్నంలో కలుపుకునేది అన్నీ అందులోనే. ఎక్కువ ఉప్పు రక్తపోటు పెంచుతుంది, పక్షవాతానికి అదే పెద్ద కారణం. ఆవకాయ ముక్క నంజుకోండి, దానితో అన్నం ఎర్రగా కలుపుకునే ముద్దలు తగ్గించండి. బీపీ ఉన్నవారు ఎండుచేపలను నానబెట్టి, నీళ్లు మార్చి వండుకోవాలి.

పండ్లు, కొబ్బరినీళ్లు తాగొచ్చా?

పండు నమిలి తినండి, రసం తీయకండి. షుగరున్నవారు చిన్న చక్కెరకేళి ఒకటి తింటే తప్పులేదు, భోజనం మీద కాకుండా విడిగా. కొబ్బరినీళ్లు కూల్‌డ్రింకు కన్నా మేలు. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం అందులోని పొటాషియం వల్ల డాక్టరును అడగాలి.

ఉపవాసం రోజు సగ్గుబియ్యం తేలిక కదా?

కడుపుకు తేలికే. కానీ సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి తీసిన పిండి. అందులో పీచూ లేదు, మాంసకృత్తులూ లేవు. పాలు, పంచదార పోసి పాయసం కాస్తే ఉపవాసం రోజే చక్కెర ఎక్కువ పెరుగుతుంది. పెసలు, పండు, మజ్జిగ నయం.

పిల్లలకు పాలలో ఏదైనా పొడి కలపాలా?

అక్కర్లేదు. చాలా పొడుల్లో పెద్ద వాటా చక్కెరే. ఇలాంటి పానీయాలను “హెల్త్ డ్రింక్” వర్గంలో పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. పాలు ఉత్తివే ఇవ్వండి. బడి నుంచి వచ్చాక ఉడికించిన వేరుశనగలు, గుడ్డు, సున్నుండ పెట్టండి. సున్నుండలో బెల్లం, నెయ్యి ఉన్నా మినుములు ఉన్నాయి. క్రీము బిస్కెట్లో అవీ లేవు.

షుగరు మందులు వాడుతున్నాను. రేపటి నుంచే అన్నం సగానికి తగ్గించనా?

మీకు మీరుగా వద్దు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు మీరు తినే అలవాటును బట్టి నిర్ణయించినవి. మందు అంతే ఉండి తిండి ఒక్కసారిగా తగ్గితే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం కనిపిస్తాయి. అలా అయితే వెంటనే మూడు, నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, ఆ తర్వాత డాక్టరుకు చెప్పాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిండి తగ్గించాలనుకుంటున్నట్టు డాక్టరుకు ముందే చెప్పండి, మందు మోతాదు దానికి తగ్గట్టు మారుస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు పప్పులు, మాంసం పెంచే ముందు కూడా అడగాలి.

నేను సన్నగానే ఉన్నాను. పరీక్షలు అవసరమా?

అవసరమే. కాళ్లు, చేతులు సన్నగా ఉండి పొట్ట దగ్గర కొవ్వు చేరడం మన భారతీయుల శరీర తీరు. తూకం యంత్రం దాన్ని పట్టుకోలేదు, దర్జీ టేపు పట్టుకుంటుంది. బొడ్డు ఎత్తున నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. పంచె కట్టేవారికి పొట్ట పెరిగిన సంగతి తెలియదు, ప్యాంటు వేసేవారికి బెల్టు చెబుతుంది.

30 ఏళ్లు దాటితే ఏడాదికోసారి బీపీ, షుగరు చూపించుకోండి. ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం దగ్గర ఈ రెండూ ఉచితం. పరగడుపున చక్కెర 100 లోపు ఉంటే మామూలు, 126 చేరితే మధుమేహం, మధ్యలో ఉంటే అంచున ఉన్నట్టు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 లోపు మామూలు, 6.5 చేరితే మధుమేహం. అంచున ఉన్నట్టు తేలినవారికి తిండి, నడక మార్పుతోనే వెనక్కి రాగల అవకాశం ఎక్కువ. ఒక్క పరీక్షలో ఎక్కువ వచ్చిందని కంగారుపడి ఎవరో చెప్పిన పొడులు మింగవద్దు. ఇంకోరోజు మళ్లీ పరీక్ష చేయించి, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లండి.